మూడు వేళ్ల అంచు

అద్దం బల్ల కింద లైటు వెలుగుతోంది. సోమలింగం ట్రేసింగ్ కాగితం మీద మూడు వేళ్లు ఆనించి చీర అంచుకు గీత కొట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా అతని కొలత అదే. మూడు వేళ్లలో పట్టిందే పువ్వు, పట్టనిది చెత్త.

పక్క బల్ల దగ్గర బ్రహ్మచారి కాకా పొద్దున్నుంచీ ఒకే కొంగ మీద ఉన్నాడు. తెల్లదొరల కాలంలో ఎవరో గీసిన బొమ్మకు యజమాని శేఠ్ ప్రింటు తీయించి ఇచ్చాడు. ఈకకు ఈక వేసిన బొమ్మ. చెప్పొద్దూ, ఒంట్లో సగం కాళ్లే. డెబ్బై ఏళ్ల చారి కళ్లద్దాలకు దారం కట్టుకుని, ఆ కాళ్ల మీది పొలుసులు కూడా వదలకుండా ఊపిరి బిగబట్టి గీస్తున్నాడు. పొట్ట చేత పట్టుకుని సిరిసిల్ల నుంచి వచ్చిన పదహారేళ్ల సోమలింగానికి, లింబాయత్ మగ్గాల పేటలో చీరల డిజైన్లు గీసే ఈ గదిలోనే కలం పట్టడం నేర్పింది ఆయనే.

అప్పుడు పన్నెండు బల్లలు. కంప్యూటర్లొచ్చాక రెండు మిగిలాయి. రేపటి నుంచి ఒక్కటే చాలని శేఠ్ పొద్దున చెప్పేశాడు.

మధ్యాహ్నం శేఠ్ వచ్చి చూశాడు. కొంగ కాళ్లు అంచు దాటి కిందికి పోయాయి. కోసెయ్యమన్నాడు.

చారి తలెత్తకుండా తెలుగులో అన్నాడు. "నీళ్లల్ల నిలవడే పిట్ట. కాళ్లు కోస్తే దేని మీద నిలవడ్తది, లింగం? జర నువ్వన్న చెప్పు శేఠ్‌కు."

చెప్పొచ్చు. పిట్టను చిన్నది చేస్తే మొత్తం పడుతుందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ ఉన్నది ఒక్క బల్ల. సోమలింగం తన అంచు గీతనే మళ్లీ దిద్దుకున్నాడు.

శేఠ్ చారి కాగితం తీసి సోమలింగం బల్ల మీద పెట్టాడు. సోమలింగం మూడు వేళ్లు ఆనించి బ్లేడు లాగాడు. తెగిన చోట నాలుగు గడ్డిపోచలు గీసి, కొంగను వాటి మీద కూర్చోబెట్టాడు. అరగంట కూడా పట్టలేదు. శేఠ్ శభాష్ అని భుజం తట్టాడు. సోమలింగానికి తల కొట్టేసినట్టయింది.

చారి కలాలు తుడిచి సంచిలో వేసుకున్నాడు.

"పోతున్నవా కాకా?"

"ఊరికి పోత బిడ్డా. గట్ల మొఖం దించుకోకు. మూడు వేళ్ల కొలత నేర్పింది నేనే గద."

తిట్టి ఉంటే బాగుండేది. మెట్ల దాకా వెళ్లి సాగనంపడానికి కూడా సోమలింగానికి ముఖం చెల్లలేదు. చెప్పుల చప్పుడు కిందికి దిగి, మగ్గాల మోతలో కలిసిపోయింది.

సాయంత్రం బల్ల తుడుస్తుంటే కాగితపు ముక్క ఒకటి దొరికింది. ముప్పై ఏళ్లలో చెత్తబుట్టలో వేయలేకపోయిన మొదటి ముక్క అది. దాన్ని లైటు మీద పెట్టాడు. పొడుగాటి రెండు కాళ్లు, వాటి చుట్టూ చారి గీసిన నీటి వలయాలు.