పక్కదుంగ ముక్కు

ఆ ఉదయం పడమటి ఆకాశం నల్లబడి, చినుకు రాల్చకుండా గట్టు మీదికి వంగి నిలబడింది. ఆ పడమటి గాలికి మా అబేమామా దీవిలో ఎవరూ చేపల వేటకు పోరు. అందుకే బడి పంతులమ్మ చిన్నపిల్లల్ని నా దగ్గరికి పంపింది, ఆటపడవలు చేయించమని.

కొబ్బరి పూగెల తొడుగే పడవ. ఈనెలు అడ్డకర్రలు, మొగలాకు తెరచాప, మా పడవలు బోల్తా పడకుండా పక్కన కట్టే తేలే దుంగకు బదులు మట్ట ముక్క. నీళ్లలో వదిలితే పడవలన్నీ దుంగ వైపే తిరిగి ఒడ్డుకొచ్చేశాయి.

"నా పడవకి ఇంటి మీద బెంగ, తాతా," అన్నాడు బౌటు, ఏడుపు మింగుతూ. పడవ పందెంలో మాకు ఏటా పోటీ వచ్చే టిరిటేరే మనవడు వాడు.

నా చెయ్యి ఆగలేదు. దుంగ ముక్కును, అంటే ముందు కొసను, దాని మందంలో సగం మేర లోపలికి, పడవ వైపుకి తిప్పి కట్టాను. పడవ తిన్నగా పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, నేను చేసిందేమిటో. ఆ తిప్పు మా ఇంటిది. నాన్న అన్నకు చెప్పాడు, అన్న నాకు చెప్పాడు. మా పిల్లలకే ఇంకా చెప్పలేదు.

మధ్యాహ్నానికి తొమ్మిది పడవలూ తిన్నగా పోతున్నాయి. టిరిటేరే వచ్చి ఒకదాన్ని తిరగేసి చూశాడు.

"మీ నాన్న చచ్చేదాకా దాచాడు. నువ్వు చంటిపిల్లలకి పంచావు. మంచోడివిరా," అని నవ్వుకుంటూ పోయాడు.

అన్న కైతారాకు నేనే చెప్పాలని ఒక ఆటపడవ పట్టుకుని వెళ్లాను. కబురు ముందే చేరింది. ఆయన కొత్త పడవ దగ్గర తాళ్లు బిగిస్తున్నాడు. ఈ పడవతో మొదలుపెట్టి పడవల పని నా చేతికిస్తానని అంతకుముందే మాటిచ్చి ఉన్నాడు.

"ఇంటి గుట్టు సముద్రంలో కలిపొచ్చావా?"

"పిల్లోడు ఏడుస్తుంటే..."

"రేపట్నుంచి దీని మీద చెయ్యెయ్యకు. బొమ్మలు చేసుకో పో."

"చిన్నోడు ఏడుస్తుంటే చూస్తా కూర్చుంటాడా?" అంది ఇంట్లోంచి వచ్చిన వదిన.

"నువ్వుండవే. ఏదిరా, ఇట్టా ఇవ్వు."

ఆటపడవ అందుకుని దుంగ ముక్కు ఎంత తిరిగిందో వేలు పెట్టి చూశాడు. ముఖంలో కోపం దిగిపోయింది.

"ఇంతేనా చూపించావు?"

"నువ్వు నేర్పింది ఇంతేగా అన్నా."

"అయితే ఏం పోలేదులే. అసలుది..." అని నాలుక కరుచుకున్నాడు.

పెద్దవాడు కట్టిన దుంగను కొలవడం మా ఇంట్లో తప్పు. ఇరవై ఏళ్లలో ఎన్నడూ కొలవలేదు. ఇప్పుడు వంగి కొత్త పడవ దుంగను జానలతో కొలిచాను. ముక్కు లోపలికి తిరిగింది సగం మందం కాదు, పూర్తి మందం.

ఇరవై ఏళ్లుగా పందెంలో నా పడవ అన్న పడవకు వెనకే. నా చేతిలో పనితనం లేదనుకున్నాను.

"ఒక్కడికే చెప్పమన్నాడు నాన్న," అన్నాడు అన్న, తాడు వైపు చూస్తూ. "రేపు పొద్దున్నే రా. పనుంది."

నేను దుంగ మీది నుంచి చెయ్యి తీశాను.

వదిన చాప పరిచి సీమపనస, కాల్చిన చేప పెట్టింది. పెద్దవాడి వాటా అయిన చేప తలను అన్న నా వైపు జరిపాడు. నేను ముట్టలేదు. ఆయనా వెనక్కి తీసుకోలేదు. ముగ్గురం తల వంచుకుని తిన్నాం. చేప తల ఆకులోనే మిగిలిపోయింది.