గేటు బాబాయి హాలు ఖాళీ చేయించిన సంగతి

ఆ సినిమా హాల్లో కుర్చీలు విడివిడిగా ఉండవు. ఎనిమిదేసి కుర్చీలు ఒకే ఇనపకమ్మీకి బిగించి ఉంటాయి. ఒకటి కదిపితే ఎనిమిదీ కదలాల్సిందే, ఉమ్మడి కుటుంబంలాగా.

పైకప్పు రేకులకు చిల్లులు పడి వాన లోపలికి దిగడం మొదలైన ఏడు, హాలు ఓనరు వీధివాళ్ళను పిలిచి, "రెండు వారాలు మీ దగ్గర ఉంచుకోండి, రేకులు మార్పించగానే తెప్పించుకుంటా" అని కుర్చీలను వరుసకొకరికి అప్పజెప్పాడు. రేకులు మారలేదు. ఓనరు పోయాడు. రెండు వారాలు కాస్తా పదకొండేళ్ళయ్యాయి.

ఆ పదకొండేళ్ళూ గేటు బాబాయి మాత్రం మ్యాట్నీ వేళకు వచ్చి ఖాళీ హాలు తలుపులు తీసేవాడు, ఆట వదిలే వేళకు మూసేవాడు. ఎందుకయ్యా అంటే, "తలుపులకు అలవాటు తప్పితే మళ్ళీ తెరుచుకోవు" అనేవాడు. ముప్పయ్యేళ్ళు గేటు దగ్గర నిలబడ్డ మనిషి. ఊరందరికీ బాబాయే. ఆయన భార్య కూడా నలుగురిలో పొరపాటున బాబాయి అనేసి నాలుక కరుచుకునేది.

ఒకనాడు పాత కట్టడాల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. హాల్లో రెండువందల కుర్చీలుంటే అది సినిమా హాలట, ఆఫీసే బాగుచేయిస్తుందట. లేకపోతే అది ఖాళీ షెడ్డట, సిమెంటు గోడౌనుకు ఇచ్చేస్తారట. చూసిపోవడానికి ఆదివారం ఆఫీసరమ్మ వస్తుంది.

బాబాయి కాలికి బలపం కట్టుకుని వీధిన పడ్డాడు.

"కుర్చీలిచ్చేస్తే నా గిరాకీని నీ నెత్తిమీద కూర్చోబెట్టనా?" అన్నాడు సెలూన్ అతను.

"గిరాకీతో సహా రారా నాయనా."

పళ్ళ డాక్టరు వరుసలో ఎనిమిది మంది దవడలు పట్టుకుని కూర్చున్నారు. "వీళ్ళను లేపితే మళ్ళీ రారు బాబాయ్, భయస్తులు" అన్నాడు డాక్టరు.

"లేపొద్దు. కుర్చీలతోనే మోసుకుపోదాం."

టైలరమ్మ ఇంట్లో పదకొండేళ్ళుగా అత్తా, మొగుడూ, పిల్లలూ అందరూ వరుసగా గోడకేసి చూస్తూ అన్నం తింటున్నారు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఇంతవరకూ గొడవన్నది లేదు.

"వరుస పట్టుకుపోతే ఎదురెదురుగా కూర్చోవాలి" అంది టైలరమ్మ. "ఆయన నమలడం చూస్తూ నేను తినగలనా? కాపురం కూలిపోతుంది బాబాయ్!"

"అయితే కాపురాన్ని కూడా పట్రా తల్లీ."

అలా ఆదివారానికి ఇరవై అయిదు వరుసలూ హాల్లోకి చేరాయి, మనుషులతో, పనులతో సహా. ఒక మూల కత్తెర చప్పుడు, ఒక మూల కుట్టుమిషను, మధ్యలో ఎనిమిదిమంది నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. ఆఫీసరమ్మ లెక్కపెట్టింది. రెండువందలు. అది రాసుకోవడానికి తెర ముందు నిలబడింది.

"ఏవమ్మోయ్, కూర్చో! అడ్డమొస్తున్నావు!" అని వెనకనుంచి కేక వేసింది టైలరమ్మ అత్తగారు.

ఆఫీసరమ్మ గభాలున కూర్చుంది. కాసేపటికి తేరుకుని, "తెర మీద ఏమీ ఆడటం లేదు కదండీ?" అంది.

"ఆడకపోతే? అడ్డం అడ్డమే!"

ఇంకేం కావాలి? ఇది నిస్సందేహంగా సినిమా హాలేనని ఆఫీసరమ్మ రాసేసింది. కింద రెండు షరతులు పెట్టింది. ఒక్క కుర్చీ కూడా గడప దాటకూడదు. పదో రోజున మేస్త్రీ వస్తాడు, సాయంత్రం ఆరులోగా పని మొదలుపెట్టాలి, అప్పటికి హాల్లో నరమానవుడు ఉండకూడదు. ఆ గడువు దాటితే సిమెంటు గోడౌనే.

బాబాయికి తల తిరిగింది. కుర్చీలు కదలకూడదంటే మనుషులు కదలరు. పైగా వాళ్ళకు అక్కడ బాగా కుదిరింది. చల్లగా ఉంది, గోడకన్నా తెర పెద్దది.

పదో రోజు సాయంత్రం అయిదున్నర. నిచ్చెనా, సున్నం బకెట్టూ పట్టుకుని మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు. బయట కూలీలు బీడీలు ఆర్పేశారు.

"బాబాయ్, ఆరు కొడితే నా మనుషులు ఉండరు. తర్వాత నన్ననకు."

జనం రావాలని ముప్పయ్యేళ్ళు దేవుళ్ళకు మొక్కినవాడు, ఇప్పుడు పొండిరా బాబూ అని జనానికి మొక్కడం మొదలుపెట్టాడు. గడ్డం పట్టుకున్నాడు. అరిచాడు. ఒకళ్ళూ లేవలేదు.

"సగం గడ్డంతో ఎలా పంపను?" అన్నాడు సెలూన్ అతను.

"మధ్యలో లేపుతావేంటి బాబాయ్? పదిరోజుల నుంచి కూర్చున్నాం" అన్నాడు టైలరమ్మ మొగుడు.

మధ్యలో! బాబాయి అక్కడే ఆగిపోయాడు. నిజమే. గేటు దగ్గర ముప్పయ్యేళ్ళలో, పొమ్మంటే పోయినవాణ్ణి ఆయన ఒక్కణ్ణి కూడా చూడలేదు. కరెంటు పోయినా పోలేదు, వాన కురిసినా పోలేదు. వాళ్ళు లేచేది ఒక్కదానికే.

మేస్త్రీ చేతిలో నిచ్చెన లాక్కున్నాడు. ఆ మురికి తెరకు ఆనించి, సున్నం బకెట్టుతో పైకెక్కాడు. కుంచె ముంచి నిలువెత్తు అక్షరాలు మొదలుపెట్టాడు. 'శు' రాశాడు. కత్తెర ఆగింది. 'భ' రాశాడు. కుట్టుమిషను ఆగింది. పక్కన సున్నా చుట్టడం పూర్తికాలేదు, వెనక టపటపా టపటపా రెండువందల కుర్చీలూ ముడుచుకున్నాయి.

శుభం అని పడ్డాక కూర్చునేవాడెవడు? నురగ గడ్డంతో ఒకడు, నోట్లో దూదితో ఒకడు, చెప్పులు వెతుక్కుంటూ ఇంకొకడు, అందరూ గుమ్మం దగ్గర తోసుకుంటున్నారు.

"ఎలా ఉంది?"

"మొదట్లో ఫరవాలేదు. ఇంటర్వెల్ తర్వాత లాగాడు."

"పాటలు తక్కువ."

ఆరింటికి ఇంకా పది నిమిషాలుందనగా కూలీలు పైకెక్కి మొదటి రేకు ఊడదీశారు. గుమ్మంలోంచి టైలరమ్మ అత్తగారు తల పెట్టి అడిగింది.

"రేపేం బొమ్మ, బాబాయ్?"

"రేకులు మార్చడం" అన్నాడు నిచ్చెన మీద నుంచి. "ఎన్ని రోజులాడుతుందో చెప్పలేను."