ఎంగిలైన మరచెంబు

నేను ఒక మరచెంబును. ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా. నాకు చదువు లేదు గానీ ఒంటి నిండా సొట్టలున్నాయి, ఒక్కో సొట్టకీ ఒక్కో కథ జ్ఞాపకం. ఈవేళ ఒక్కటే చెబుతాను.

నేను పుట్టింది శ్రీకాకుళం వైపు బుడితిలో, ఒక కంచరి కొలిమి దగ్గర. మెడకు మరలు దిద్ది, మూత బిగించి, తలకిందులు చేసినా చుక్క కారదని ఆయన మీసం దువ్వుకున్నాడు. నన్ను కొనుక్కున్నది నూకాలమ్మ. రైలెక్కినా బండెక్కినా నేను ఆవిడ చంకలోనే. ఆవిడది ఒకటే చట్టం: పదిమంది తాగే చెంబుకు మూతి ఆనించకూడదు, ఎత్తి పోసుకోవాలి. ఎంగిలి చేస్తే మొట్టికాయ. మనవడు పైడిరాజు ఆ మొట్టికాయలు తినే పెరిగాడు. సైన్యంలో మేజరయ్యాక కూడా అతని సంచిలో నేను, తలలో ఆ చట్టం.

ఒక ఏడు అతన్ని ఆఫ్రికా పంపారు. శాంతిసేన వాళ్ల నీలం టోపీలు పెట్టుకుని, కొట్టుకునేవాళ్ల మధ్య నిలబడే ఉద్యోగం. ఆ దేశం పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. అక్కడ ఒక ఏటికి అవతల శరణార్థుల శిబిరంలో పిల్లలు వాంతులతో, విరేచనాలతో వాలిపోతున్నారు. వాళ్ల సెలైన్ సీసాలు ఐదు లారీల్లో మా దగ్గరే ఉన్నాయి. ఏరు దాటడానికి ఉన్న ఒక్క రేవూ పశువుల కాపర్లది. నెల కిందట ఎవరో అలాంటి లారీల్లోనే వచ్చి వాళ్ల ఆవుల్ని ఎత్తుకుపోయారు. అందుకని ఈటెలు పట్టుకుని రేవుకు అడ్డంగా నిలబడ్డారు.

వాళ్ల పెద్ద మజోక్. తాటిచెట్టంత మనిషి, కొబ్బరిపీచు లాంటి గడ్డం. వాళ్ల మాట మాకూ, మా మాట వాళ్లకూ చెప్పడానికి అయేన్ అనే బడి పంతులమ్మ మాకు తోడు వచ్చింది. మేజరు మర్యాదగా నాలో నీళ్లు నింపి అందించాడు. మజోక్ మూతి ఆనించి తాగి, తిరిగి అతని చేతికే ఇచ్చాడు. మావాడు నన్ను జానెడు ఎత్తుకు లేపి, ఒక్క బొట్టూ పెదవికి తగలకుండా గొంతులోకి పోసుకున్నాడు. నూకాలమ్మ చూసి ఉంటే మురిసిపోయేది. అక్కడ మాత్రం ఈటెలవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

మజోక్ లేచాడు. "నీడ తిరగనీ" అని ఒక్క మాట అని మందలోకి వెళ్లిపోయాడు.

హవల్దారు సింహాచలం మా శ్రీకాకుళం వైపు మనిషే. "బావూ, ఆయన సరే అన్నట్టా, నేదన్నట్టా?" అన్నాడు.

"రెండూ కాదు."

"మరేటన్నట్టు?"

"మా మామ్మ 'చూద్దాంలే' అనీది చూడు, అదీ. ఆ మాట అని ఇంట్లోకి పోతే నేదని. గుమ్మంలోనే తచ్చాడితే ఇంకా తేల్చుకోనేదని. ఆయన చూడు, ఆవుల దగ్గరే తిరుగుతున్నాడు."

రేడియోలో కల్నలుగారికి ఈ లెక్క ఎక్కలేదు. ఔనా కాదా ఒకటే చెప్పమన్నాడు. పొద్దుగుంకేలోగా దారి ఇవ్వకపోతే తుపాకుల బండ్లు పంపి తోసుకుపోతామన్నాడు. అలా తోసుకుపోతే రెండువైపులా శవాలు లేస్తాయి, మందులు ఏట్లోనే ఉంటాయి. "అందాకా బాధ్యత నాది సార్" అని మేజరు రేడియో పెట్టేశాడు.

పంతులమ్మ వైపు తిరిగి, "నేనేం తప్పు చేశానమ్మా?" అని అడిగాడు. భుజాన సింహాల ముద్ర ఉన్నవాళ్లు ఆ ప్రశ్న అడగడం నేను అంతకుముందు వినలేదు.

"ఆయన మూతి పెట్టిన చోట మీరు పెట్టలేదు. అసహ్యించుకున్నారనుకున్నాడు" అంది అయేన్.

మేజరు తుపాకీ లారీలో వదిలేసి, నన్ను పట్టుకుని మందలోకి నడిచి, మజోక్ ఎదురుగా పేడ నేల మీదే చతికిలబడ్డాడు. "మా ఇంట్లో మూతి ఆనించకపోవడమే గౌరవం. మీ ఇంట్లో ఏది గౌరవమో తెలియక తప్పు చేశాను. నేర్పించండి" అన్నాడు.

ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత నన్ను లాక్కుని, పక్కనున్న ఆవు పొదుగు కింద పెట్టి పాలు పితికాడు. సగం తాగాడు. నురగ అంటిన అంచునే మేజరు వైపు తిప్పి ఇచ్చాడు. పైడిరాజు కళ్లు మూసుకుని, మామ్మకు మనసులో ఒక దండం పెట్టుకుని, ఆ అంచుకే మూతి ఆనించి అడుగంటా తాగాడు. మీసాలన్నీ తెల్లబడ్డాయి.

"నోరెక్కడుందో వెతుక్కోడానికి పొద్దంతా పట్టిందా నీకు?" అన్నాడు మజోక్. అయేన్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పేలోపే ఈటెలవాళ్లు నవ్వుతూ కూలబడ్డారు.

ఇంతా అయ్యాక కూడా ఆయన సరే అనలేదు. నన్ను చంకన పెట్టుకుని ఏట్లోకి దిగాడు. మొలలోతు నీళ్లలో కాలితో గుంటలు వెతుక్కుంటూ ఆయన ముందు, ఆయన అడుగుల వెంట ఐదు లారీలు. ఈటెలు తిరగేసి పట్టుకుని, కుర్రకారు వెనకనుంచి చక్రాలు తోశారు. ఐదో లారీ గట్టెక్కేసరికి అవతల తల్లులు పరిగెత్తుకొస్తున్నారు. ఇంకా ఎండ ఉంది.

రేడియో గరగరమంది. "ఇంతకీ ఒప్పుకున్నాడా?"

"ఆ మాట ఇంకా అనలేదు సార్. లారీలు మాత్రం ఏరు దాటేశాయి" అన్నాడు మేజరు.

ఇప్పుడు నన్ను కుర్ర ఆఫీసర్లు చదువుకునే చోట అద్దాల పెట్టెలో కూర్చోబెట్టారు. పక్కన అట్ట మీద మేజరు పేరు రాశారు, నా బరువు కూడా రాశారు. మజోక్ పేరు లేదు, అయేన్ పేరు లేదు. రాసినవాళ్లకు తెలియదు పాపం. మీకు తెలిసింది కదా, గుర్తుంచుకోండి. రేపు మీవాళ్లకు ఈ కథ చెప్పేటప్పుడు ఏట్లోకి ముందు దిగింది ఎవరో, తప్పు తప్పని చెప్పింది ఎవరో, వాళ్ల పేర్లు పెట్టి చెప్పండి.