రెండో రోజు, మూడు గంటలు

నగరం పటం బల్లమీద పరిచి, మూలలు లేవకుండా నాలుగు గ్లాసులు పెట్టింది మా కోడలు. మూడు రోజులు నగరం చూసి రావడానికి ప్రయాణం కడుతున్నారు. మావాడికి ఏడాదికి ఒకసారి దొరికే సెలవు. వాడు బస్సుల షెడ్డులో ఇంజన్లు బాగుచేస్తాడు, కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మనవరాలికి నాలుగేళ్ళు. ఒకచోట నిలవదు కనక ఇంట్లో అందరం దాన్ని మిడత అంటాం.

"రోజుకి రెండు చోట్లే. పొద్దున పిల్లకి ఒకటి, సాయంత్రం మనకి ఒకటి. మధ్యలో దాని నిద్ర," అంది కోడలు. "అంతకు మించి పెడితే అది ఏడుస్తుంది, నువ్వు విసుక్కుంటావు, నేను ఇద్దర్నీ మొయ్యాలి."

"ఆ ఎత్తు మేడ ఎక్కాలి మనం," అన్నాడు మావాడు.

"గంటసేపు క్యూ. దీన్ని చంకనేసుకుని నిలబడతావా?"

"నాకు చేప కావాలి. నన్ను మింగేంత చేప," అంది మిడత.

"మింగితే మాకు కాస్త తెరిపి," అని మావాడు నవ్వాడు. కోడలు మొదటి రోజు కింద చేపలు అని రాసింది.

రెండో రోజు దగ్గర ఆమె కలం ఆగింది. ఆ నగరంలో ఒక మ్యూజియం ఉంది. గోడంత చిత్రపటాలుంటాయట. పెళ్ళికి ముందు కోడలు బొమ్మలు వేసేది. పిల్ల పుట్టాక కుంచె ముట్టలేదు. ఆ పటాల ముందు మూడు గంటలు, పిల్ల లేకుండా, మొగుడితో కలిసి నిలబడాలని ఆమె కోరిక. ఈ ప్రయాణంలో ఆమె తనకోసం అడిగింది అదొక్కటే.

"నాన్న చూసుకుంటాడుగా," అన్నాడు మావాడు.

కోడలు నావైపు చూడలేదు. "మా అమ్మని అడుగుదామనుకుంటున్నా."

"గదిలో పట్టేది ఇంకొక్కళ్ళే. నాన్నో, మీ అమ్మో."

"అదే చెప్తున్నా."

ఆమె భయం ఏమిటో నాకు తెలుసు. రెండు నెలల కింద సంతలో పిల్ల నా చెయ్యి జారిపోయింది. పది నిమిషాలు వెతికాను. ఒక్కసారి కూడా పిలవలేదు. గోనెసంచుల వెనక అదే కనబడింది. ఇంటికొచ్చాక కోడలు, "పిలవొచ్చుగా మామయ్యా! పిల్ల పోతే కూడా నోరు పెగలదా?" అంది. దానికీ జవాబు చెప్పలేదు. నన్ను అందరూ బెల్లం కొట్టిన రాయి అంటారు.

ముప్పై నాలుగేళ్ళు నాది క్రేను కింద నిలబడి, పైనున్న డ్రైవరుకి చేతులతో సైగలు చేసే పని. ఆ మోతలో అరిస్తే ఎవరికీ వినపడదు. చెయ్యి చెప్పాలి, కన్ను వినాలి. ఆ నగరంలో పదకొండు మేడలకి నా చేతుల కిందే ఇనుప దూలాలు పైకి వెళ్ళాయి. ఒక్కదాంట్లోకీ నేను అడుగుపెట్టలేదు. వెళ్ళాలని నాకూ ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

చివరికి కోడలే ఒక దారి చెప్పింది. "ఆదివారం మీరూ అదీ వెళ్ళిరండి మామయ్యా. బస్సెక్కి, కూడలి దగ్గర దిగి, రోడ్డు దాటి పార్కుకి. ఒంటిగంటకి ఇంట్లో ఉండాలి. మేం రాం. సవ్యంగా జరిగితే మీరే మాతో వస్తారు. లేకపోతే అమ్మకి ఫోన్ చేస్తా."

తలూపాను.

ఆదివారానికి ఐదు రోజులుంది. పిల్లకి నా సైగలు నేర్పాను. చెయ్యి చాపి అరచెయ్యి కిందికి పెడితే ఆగాలి. వేలు తిప్పితే కదలాలి. దానికి అదొక ఆట. రెండు చేతులూ బారచాపి ఊపితే అది పిడుగు సైగ, ఊపిరి కూడా ఆగిపోవాలని చెప్పాను. ఎక్కడున్నదక్కడ బిగుసుకుపోయి, కళ్ళు మాత్రం తిప్పేది.

"మన పనిలో ఒక్కడి సైగే వినాలి. పిడుగు సైగకి మాత్రం ఎవరు చేసినా ఆగాలి," అన్నాను.

దాంతో వచ్చింది తంటా. కోడలు వంటింట్లోంచి తిండికి పిలిస్తే పిల్ల కదల్లేదు. నావైపు చూసింది. నేను వేలు తిప్పాక వెళ్ళింది.

"బాగుంది," అంది కోడలు, గరిటె పట్టుకునే. "నా కూతుర్ని పిలవాలంటే ఇక మీ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి కాబోలు."

మావాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆదివారం బస్సు దాకా అంతా బాగానే నడిచింది. కూడలి దగ్గర దిగాం. పెద్ద రోడ్డు. వాహనాలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోతున్నాయి. ఎర్రదీపం కోసం ఫుట్‌పాత్ మీద, అంచుకి కాస్త ఇవతల ఆగాం. పిల్ల చెయ్యి నా చేతిలో ఉంది.

"తాతా, చెప్పు ఊడింది."

పట్టీ జారింది. అది కట్టడానికి వంగాను. రెండు చేతులూ కావాలి. పిల్ల చెయ్యి వదిలాను. పట్టీ బిగించి ఇంకా నడుం ఎత్తలేదు.

"అమ్మ!" అంది పిల్ల.

తలెత్తాను. రోడ్డుకి అవతల పేపర్ల బడ్డీ పక్కన కోడలు. రానన్న మనిషి. పిల్ల అప్పటికే రెండడుగులు ముందుకి వేసింది. మలుపులోంచి పాల వ్యాను వస్తోంది.

నా చెయ్యి దానంతటదే చాచుకుంది. అరచెయ్యి కిందికి పెట్టాను. కానీ నేను పిల్ల వెనక ఉన్నాను. దాని కళ్ళు అమ్మ మీద ఉన్నాయి. నోరు తెరిచాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

అవతల కోడలు రెండు చేతులూ బారచాపింది. అరచేతులు కిందికి. ఊపింది.

పిల్ల బిగుసుకుపోయింది. ఒక కాలు ఫుట్‌పాత్ మీద, ఒక కాలు గాల్లో. వ్యాను దాని ముందునుంచి పోయింది. ఆ గాలికి దాని జుట్టు లేచి పడింది.

చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. దీపం మారాక కోడలు పరిగెత్తుకొచ్చింది. పిల్లని ఒంటికి అదుముకుంది.

"అమ్మా, నీకు పిడుగు సైగ ఎవరు నేర్పారు?"

"వంటింట్లోంచి చూశానే," అంది. నావైపు తిరిగింది. పిల్లని చంకనేసుకుని బస్సు స్టాపుకేసి నడిచింది.

పార్కుకి వెళ్ళలేదు. తిరుగు బస్సులో పిల్ల మా ఇద్దరి మధ్యా కూర్చుని అరటిపండు తిన్నది. ఇల్లు రెండు స్టాపులుందనగా కోడలు కిటికీవైపు చూస్తూ అంది. "నేనొచ్చినట్టు ఆయనకి తెలీదు మామయ్యా."

ఇంటికి చేరేసరికి మావాడు పటం ముందు కూర్చుని ఉన్నాడు. "ఇద్దరూ కలిసొచ్చారేంటి? ఎలా జరిగింది?"

"సందు చివర కలిశారు," అంది కోడలు. "బాగానే జరిగిందట."

ఆమె నావైపు చూసింది. నేను ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు కొత్త కాదు. ఊరుకుంటే ప్రయాణం నాది, ఆమె మాట కూడా దక్కుతుంది. మావాడు కలం తీసి రెండో రోజు కింద రాయబోయాడు. నాన్న అని రెండక్షరాలు.

"జరగలేదు," అన్నాను.

కలం ఆగింది.

"చెయ్యి వదిలాను. పిల్ల రోడ్డుమీదికి పోబోయింది. నేను దాని వెనక నిలబడ్డా. సైగ చేసేవాడు కళ్ళకి ఎదురుగా ఉండాలి. ముప్పై నాలుగేళ్ళలో ఆ తప్పు నేను చెయ్యలేదు, ఇవాళ చేశా. పిలుద్దామంటే గొంతు రాలేదు. ఆపింది నీ పెళ్ళాం. మీ అత్తగారిని రమ్మను."

అంత పొడుగు మాట నానోట మావాడు ఎప్పుడూ విని ఉండడు. వాడు ముందు నన్ను చూశాడు, తర్వాత ఆమెని.

"నువ్వెక్కడున్నావు?"

"ఎదురుగా."

"అంటే నిన్ను చూసే అది పరిగెత్తింది!"

"అవును."

"పరీక్ష పెట్టింది నువ్వే, చెడగొట్టిందీ నువ్వేనా?" వాడి గొంతు లేచింది. "దానికేమైనా అయ్యుంటే?"

"అరవకు. ఏమై ఉండేదో నేను చూశాను. నువ్వు చూళ్ళేదు."

కోడలు ఫోన్ తీసింది. వాళ్ళమ్మకి చేస్తోందనుకున్నాను. లేచి నా గదికి పోబోయాను.

"హలో, లాడ్జీయేనా? మీ గుమ్మం నుంచి పార్కుకి పోవాలంటే మధ్యలో రోడ్డు దాటాలా? ... దాటాలా. సరే, వద్దు."

ఇంకో నంబరు. అక్కడా రోడ్డు ఉంది. మూడో చోట చాలాసేపు విన్నది. "అంటే గుమ్మం దిగి అదే ఫుట్‌పాత్ మీద నడిస్తే పార్కు గేటే కదా? ఒక్క సందు కూడా అడ్డం రాదు కదా? మళ్ళీ చెప్పండి." గ్లాసు జరిపి పటం మీద వేలు పెట్టింది. "మ్యూజియం దూరమా? పర్లేదు, మేం నడుస్తాం."

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. మొహంలో ఇంకా భయం ఉంది.

"మామయ్యా, దాన్ని మీకే వదుల్తా. గది నుంచి పార్కుకి, పార్కు నుంచి గదికి, అంతే. ఐస్‌క్రీమ్ అవతల రోడ్డులో ఉందని ఏడ్చినా సరే. ఇంకోటి. పన్నెండు రోజుల టైముంది. రోజూ పెరట్లో నిలబడి దాన్ని పేరుపెట్టి గట్టిగా పిలవాలి. ఆ రోజుకి మీకు గొంతు రాలేదా, నేను ఆ మ్యూజియం గుమ్మం కూడా ఎక్కను."

అప్పుడే పెరట్లోకి వెళ్ళాను. మొదటిసారి పిల్లిగొంతు వచ్చింది. రెండోసారి దగ్గొచ్చింది. మూడోసారి, "మిడతా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

పక్కింటి రైలు గార్డు కిటికీ తీశాడు. "ఏమైంది పెద్దాయనా? పిల్ల తప్పిపోయిందా?"

"ఇంకా తప్పిపోలేదండీ," అంది కోడలు వంటింట్లోంచి. "పిలవడం నేర్చుకుంటున్నారు."