దుప్పట్లు ఆరేసే చోట

"మా ఆవిడ పరిగెత్తే ముందు వాతావరణ శాఖకి ఒక మాట చెప్పాలి" అన్నారు మా ఆయన, నేను టీ కప్పులతో గదిలోకి వస్తుండగా. సోఫాలో కూర్చున్న ఆయన స్నేహితులిద్దరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. చేతిలో ట్రే తొణక్కుండా నవ్వడం ఒక విద్య. పెళ్లైన కొత్తలో చేతకాలేదు, తర్వాత్తర్వాత అలవాటైపోయింది. ఇంట్లో నేనేం చేస్తానని ఎవరినైనా అడిగితే వంట, గిన్నెలు, ఇల్లు ఊడవడం, అత్తయ్య మందులు, అమ్మాయి చదువు అని చెప్తారు. మా ఆయన జోకులకి నవ్వడమనే పని మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. అన్నింట్లోకీ ఒళ్లు హూనమయ్యేది దాంతోనే. జ్వరమొస్తే వంటకైనా సెలవు దొరికేది గానీ నవ్వుకి దొరికేది కాదు. "ఏంటా మొహం? సరదాకన్నాను. నీకు హాస్యం బొత్తిగా తెలీదు" అనేవారు.

నాకు హాస్యం తెలుసు. ఆయన ఒక జోకు వేసేలోపు నాలో దానికి దీటైన జవాబు పుట్టేది. ట్రే పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి అది కాస్తా నోట్లోనే అణిగిపోయేది. అప్పుడు దాన్ని దేవుడికి చెప్పుకునేదాన్ని. అత్తయ్య దేవుడి ముందు చేతులు కట్టుకుని తల దించుకోవాలి. నా దేవుడు అలా కాదు. సింకు పక్కన గట్టు మీద కాళ్లూపుకుంటూ కూర్చుంటాడు, నేను గిన్నెలు తోముతూ చెప్పేదంతా విని నవ్వుతాడు. నవ్వుతాడని నా నమ్మకం. కానీ అడగడం దగ్గరికొచ్చేసరికి నేనూ అందరిలాంటిదాన్నే. ఆయనకి ప్రమోషన్, అమ్మాయికి మార్కులు, అత్తయ్యకి షుగర్ తగ్గడం, ఇవే అడిగేదాన్ని. నాకంటూ ఏదీ అడగలేదు. వద్దనుకుని కాదు, ఏం కావాలో నాకే తెలీక.

ఆ రోజు ఆ జోకు పుట్టడానికి కారణం నేను వాలీబాల్ ఆడబోతున్నానని చెప్పడం. నేను పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గది గౌన్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి పంపడం మా పని. నెత్తురు మరకో, మందు మరకో, చూడగానే చెప్పేస్తాం. ఆసుపత్రిలో సిబ్బంది ఆరోగ్యం కోసమని ఆటల పోటీలు పెట్టారు. డాక్టర్లకి, నర్సులకి, ఆఫీసు వాళ్లకి జట్లు తయారయ్యాయి. మమ్మల్ని ఎవరూ అడగలేదు. నోటీసు అంటించడానికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయిని మా పెద్దక్క ఆపేసింది. పెద్దక్క మా లాండ్రీలో అందరికంటే సీనియర్, నోరు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

"మేం లేకపోతే మీ పేషెంట్లు దేని మీద పడుకుంటారమ్మా? మాకు లేదా ఆరోగ్యం?"

"ఆడతారా మరి?" అంది ఆ అమ్మాయి, ఊరికే మాటవరసకి.

"ఆడతాం" అంది పెద్దక్క, మమ్మల్ని ఒక్క ముక్కైనా అడక్కుండా. లెక్క చూసుకుంటే మేం సరిగ్గా ఆరుగురం. జట్టుకి ఆరుగురే కావాలి. ఒక్కరు తగ్గినా ఆట లేదు.

లాండ్రీ వెనక ఖాళీ స్థలముంది. ఎండబెట్టే మిషన్లు రాకముందు దుప్పట్లు అక్కడే ఆరేసేవాళ్లం. తీగలు తీసేశారు గానీ ఇనప స్తంభాలు అలాగే నిలబడున్నాయి. ఫిజియో అమ్మాయి వాటికే వల కట్టింది. మొదటి రోజు మా ఆట చూసి ఆ పిల్ల నేల మీద చతికిలబడిపోయింది. బంతి గాల్లోకి లేచి మా మధ్యకి వచ్చేది. నేను పక్కావిడ వైపు చూసి "మీరు తీసుకోండి" అనేదాన్ని. ఆవిడ "అబ్బే, పర్లేదు, మీరే కానివ్వండి" అనేది. ముందున్నావిడ మా ఇద్దరికీ అడ్డమని పక్కకి జరిగి దారిచ్చేది. బంతి మా ముగ్గురి మధ్యా నేల మీద పడి దొర్లుకుంటూ పోయేది. ప్లేట్లో ఆఖరి ముక్క మిగిలిపోతే ఇంట్లో ఆడవాళ్లం ఒకరి మీదికి ఒకరం నెట్టుకుంటాం చూడండి, అచ్చం అలాగే. ఒకసారి బంతి వచ్చి నా నెత్తి మీద పడితే, "సారీ" అన్నాను. బంతికి. ఆ రోజు నుంచి నా పేరు సారీ అయిపోయింది.

"అక్కా, మర్యాదలు లోపల దుప్పట్ల దగ్గర చూసుకోండి" అంది ఫిజియో అమ్మాయి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ. "బంతి ఎవరి వైపొస్తే వాళ్లు 'నాది' అని అరవాలి. లోపల గొణుక్కోవడం కాదు, గొంతు చించుకుని అరవాలి." ఎంత సుళువైన మాట! మా ఆరుగురిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. పెద్దక్కంతటి పెద్దక్క కూడా గొంతు సవరించుకుని దిక్కులు చూసింది. ఇంట్లో ఏ గది నాది, ఏ కుర్చీ నాది, సాయంత్రం టీవీలో ఏ కార్యక్రమం నాది? అలా అనుకోవడమే తప్పన్నట్టు పెరిగినవాళ్లం. నాలుగైదు రోజులకి ఎలాగో నేను కళ్లు మూసుకుని "నాది!" అని కేక పెట్టాను. బంతి అటెటో పోయింది గానీ, ఆ కేకకి మెట్ల మీద కూర్చుని సిగరెట్ కాలుస్తున్న అంబులెన్స్ డ్రైవరు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. మేం ఆరుగురం కడుపు పట్టుకుని నవ్వాం. ఎవరి పరువూ తియ్యకుండా, ఎవరి మెప్పు కోసమూ కాకుండా అంతలా నవ్వి ఎన్నేళ్లయిందో. ఆ సాయంత్రం ఇంటికెళ్తుంటే ఒళ్లంతా నొప్పులు, మనసు మాత్రం గాల్లో తేలుతోంది. దేవుడా, ఇదే కావాలని నాకు తెలియలేదయ్యా, తెలిస్తే ఎప్పుడో అడిగేదాన్ని కదా అనుకున్నాను.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. మా ఆయన ఆ విషయంలో విశాల హృదయులు. "ఆడుకో, నేనేమైనా కాళ్లు కట్టేశానా? పనులన్నీ అయ్యాక ఆడుకో" అన్నారు. "ఈ వయసులో గెంతులేంటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు" అన్నారు అత్తయ్య. అంతే, ఇంకేం పొడిగించలేదు. ఆదివారం పొద్దున నర్సులతో మా పోటీ. వాళ్లు కుర్రపిల్లలు, కాలేజీల్లో ఆడినవాళ్లు. అయినా మాకు భయం వెయ్యలేదు. దుప్పటి రెండు కొసలు పట్టుకుని ఒకరి కళ్లల్లోకి ఒకరం చూసుకుంటూ మడతపెట్టే మా చేతులకి, ఎదుటివాళ్లు ఎటు కదులుతారో చెప్పక్కర్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫిజియో అమ్మాయి నొప్పుల మందు ట్యూబు పట్టుకుని లాండ్రీలోకి పరిగెత్తుకొచ్చింది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని "ఏ మోకాలక్కా?" అంది.

"ఎవరి మోకాలు?" అన్నాను.

"మీదే. ఇందాక మీ ఆయన ఫోన్ చేశారు. మోకాలు బాగా వాచిందట కదా, మీరు చెప్పలేక మొహమాటపడుతున్నారనీ, ఆదివారం రాలేరనీ. పాపం, ఎంతో మర్యాదగా క్షమించమన్నారు కూడా."

పెద్దక్క వంగి నా రెండు మోకాళ్లూ చూసింది. చూసి, వెళ్లి ఇస్త్రీ మిషన్ ఆపేసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర "ఆదివారం మధ్యాహ్నం మా మేనేజరు, వాళ్లావిడ భోజనానికి వస్తున్నారు, కాస్త ఘనంగా ఉండాలి" అన్నారాయన. నేను "పొద్దున ఆట ఉంది" అంటే, "చూద్దాంలే" అన్నారు. చూడడమంటే ఇదన్నమాట. కోపం వచ్చింది, అది సరే. అంతకంటే, నా తరఫున ఆయన క్షమాపణ చెప్పడం నా గుండెల్లో ముల్లులా దిగింది. నా కాలు, నా నోరు రెండూ ఆయనే తీసుకుని వాడేసుకున్నారు.

"పర్లేదక్కా, నేను వస్తాను" అన్నాను. "తెల్లారకముందే లేచి వంటంతా చేసి మూతలు పెట్టేసి వస్తా."

"అంటే ఆడటానికి ముందే జరిమానా కట్టేసి వస్తావన్నమాట" అంది పెద్దక్క. "వంటచేసి వచ్చి, నిలబడే ఓపిక లేక మళ్లీ బంతికి సారీ చెప్పు. నేను మాత్రం ఊరుకోను."

ఆ మాట నాతో బస్సెక్కింది, ఇంటిదాకా వచ్చింది. నిజమే. ఇన్నేళ్లుగా ఏ చిన్న సరదాకైనా నేను ముందే జరిమానా కట్టేస్తున్నాను. సినిమాకి వెళ్లాలంటే రెండు పూటల వంట. చెల్లెలింటికి వెళ్లాలంటే వారానికి సరిపడా ఇస్త్రీ. అప్పటికి అలసిపోయి సినిమాలో నిద్ర, చెల్లెలింట్లో నిద్ర.

ఆయన వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగాను. ఆయనేం తడబడలేదు. "నీకు చెప్పడం ఇబ్బందని నేనే చెప్పేశాను. నీ నోట్లో నాలుక లేదుగా" అని నవ్వారు. "మా మేనేజరు ముందు నా పరువు పోవాలా? గెలిస్తే ఇచ్చేది ఒక ప్లాస్టిక్ కప్పు. దానికింత రాద్ధాంతమా?"

"నా మోకాలు బానే ఉందండీ. ఆదివారం నేను ఆడతాను. ఆ రోజు వండను" అన్నాను. "మీ మేనేజరుకి ఫోన్ చేసి, మీకు మోకాలు వాచిందని చెప్పండి. మీరు ఎంతో మర్యాదగా చెప్తారట."

అత్తయ్యకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. కొంగుతో మూతి కప్పుకున్నారు. ఆయన ఆవిడ వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. "జోకా?" అన్నారు.

"సరదాకన్నాను. మీకు హాస్యం బొత్తిగా తెలీదు."

శనివారమంతా చివరికి నేనే తగ్గుతానని ఆయన ధీమా. ఆదివారం పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే ధీమా కాస్తా సడలింది. "అమ్మా, నువ్వైనా చెప్పు" అన్నారు. అత్తయ్య దండం పెట్టుకుని లేస్తున్నారు. "పిలిచింది నువ్వు, పెట్టుకునేదీ నువ్వే. నావైపు చూడకు. మీ నాన్న పిలిచినవాళ్లకి నా జన్మంతా వండాను, నా వంతు ఎప్పుడో అయిపోయింది" అన్నారు. నేను గేటు తీస్తుంటే ఆవిడ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు.

వల దగ్గర నిలబడి కళ్లు మూసుకున్నాను. గెలిపించమని అడగలేదు. బంతి నా వైపు రానీ, అన్నాను. పుట్టి బుద్ధెరిగాక దేవుణ్ని నా కోసం అడిగింది అదొక్కటే. వచ్చింది. ఒకటా రెండా, నేను ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా వస్తూనే ఉంది. కేకలు పెట్టి పెట్టి గొంతు బొంగురుపోయింది. మొదటి ఆట ఓడిపోయాం. రెండోది గెలిచాం, పెద్దక్క స్తంభాన్ని కౌగిలించుకుని ముద్దు పెట్టేసింది. మూడో ఆటలో ఆఖరి బంతి నేరుగా నా చేతుల్లోకే వచ్చింది. లేపబోయి, అదుపు తప్పి నేల మీద బోర్లా పడ్డాను. బంతి నా వీపు మీదుగా దొర్లి పోయింది. ఓడిపోయాం, నా వల్లే. లేచి దుమ్ము దులుపుకున్నాను. సారీ అనలేదు. ఎవరూ దాని కోసం ఎదురుచూడనూ లేదు.

గోడ మీద పెట్టిన ఫోన్ మోగింది. మా ఆయన.

"అయ్యిందా ఆట?"

"అయ్యింది."

"గెలిచారా?"

"ఓడిపోయాం."

హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు. "నేను ముందే చెప్పలా? సరే, జరిగిందేదో జరిగింది. బయల్దేరు మరి, వాళ్లొచ్చేస్తారు. ఇప్పుడొచ్చినా ఏదో ఒకటి చేసెయ్యొచ్చు."

కోర్టు అవతల నర్సులు నీళ్లు తాగుతున్నారు. వాళ్లలో పొడుగుపిల్ల ఇటు తిరిగి అరిచింది. "ఆంటీ, ఇంకో ఆట ఆడదామా? పోటీ కాదు, ఊరికే!" మా వాళ్లు నా వైపు చూశారు. ఫిజియో అమ్మాయి "మీకు పనుంటే వెళ్లండక్కా, మీ చోట్లో నేను నిలబడతా" అంది. ఇంతసేపూ నా దగ్గర ఒక సాకు ఉంది. ఆరుగురిలో ఒక్కరు తగ్గినా ఆట ఆగిపోతుంది, జట్టు కోసం వచ్చాను అని. ఇప్పుడదీ లేదు. నేను వెళ్లిపోతే ఎవరికీ నష్టం లేదు, ఉండిపోతే కప్పూ లేదు. ఉండాలంటే ఒక్కటే కారణం, నాకు ఆడాలనుంది.

"ఏంటి, వింటున్నావా? ఓడిపోయారుగా, ఇంకా అక్కడేం పని?" అన్నారాయన.

"పనేం లేదండీ" అన్నాను. "ఊరికే. ఇంకో ఆట ఆడి వస్తాను."

ఫోన్ గోడ మీద పెట్టేసి కోర్టులోకి నడిచాను. ఈసారి మొదటి సర్వీస్ నేను చేస్తానని చెప్పి, బంతి అడిగి తీసుకున్నాను.