తొమే వదిన ఊరగాయ రాయి

కిసాబురో అన్న మా పక్కింటివాడు. మోకాళ్లు కొండ మెట్లకు ఎదురుతిరగడంతో, యాభై ఏళ్ల ఇల్లు వదిలి కింద నాగానో పట్నంలో చిన్న వాటాలోకి మారుతున్నాడు. ఇంటి సామాను ఒక్క పూటలో సర్దేశారు. పెరటి షెడ్డుకు నాలుగు రోజులు పట్టింది.

మంచు తోసే పారలు పదకొండు తేలాయి, రెంటికే పిడులున్నాయి. పాత నీళ్ల గొట్టం ముక్కలన్నీ అతికిస్తే సముద్రం దాకా పోతుంది, అందులోంచి నీళ్లు మాత్రం పోవు. కొడవళ్ల అంచులకు వార్తాపత్రికలు చుట్టి తాడు కట్టాం. మంచు తోసే యంత్రంలో పెట్రోలు తోడేస్తే గాని లారీ ఎక్కించనన్నాడు డ్రైవరు మియాకే. తోడితే రెండు పీపాలు నిండాయి. ఇరవై ఏళ్లుగా అది తాగడమే గాని కదిలింది లేదు.

లారీ నిండాక తొమే వదిన వచ్చి ఊరగాయ తొట్టిలోకి తొంగిచూసింది.

"నా రాయేది?"

ఏటా మంచు పడబోయే ముందు ఆకుకూరను ఉప్పేసి తొట్టిలో పేర్చి, పైన ఆ రాయి పెట్టి అణచడం వదిన పద్ధతి. వాళ్ల అత్తగారిచ్చిన రాయి.

"బరువెందుకని వాగొడ్డున పారేశానే," అన్నాడు అన్న. "పట్నంలో రాళ్లుండవా?"

"మొగుళ్లు కూడా ఉంటారు," అని వదిన గడప మీద కూర్చుంది. "ఆ రాయి వస్తేనే నేనొస్తా. లేకపోతే నువ్వూ నీ పారలూ పొండి."

మెట్లెక్కలేని మనిషి వాగుకూ ఇంటికీ తొమ్మిదిసార్లు తిరిగాడు. తొమ్మిది రాళ్లు మోసుకొచ్చాడు. వదిన ఒక్కోదాన్ని అరచేత్తో తడిమి, "ఇది కాదు," అంది.

"అన్నా, ఇంకో నాలుగు తెస్తే గోడ లేస్తుంది," అన్నాను.

"నోర్ముయ్‌రా."

మియాకే మూడోసారి గడియారం చూసుకున్నాడు. వదిన లేచి తనే వాగుకు నడిచింది. మేమూ వెంట వెళ్లాం. ఒడ్డున వేల రాళ్లు, అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. వాటి మధ్య ఒక జింక నిలబడి, ఒకే ఒక్క రాయిని నాకుతోంది. యాభై చలికాలాల ఉప్పు మరి.

"అదిగో," అంది వదిన.

అన్న హుష్‌హుష్‌మన్నాడు. జింక తలెత్తి చూసింది. ఆ చూపు అచ్చం వదిన చూపే. అన్న రెండడుగులు వెనక్కి వేశాడు. వదిన పోయి రాయి తీసుకుంటే మాత్రం మర్యాదగా పక్కకు తొలగింది.

లారీ ముందు సీట్లో వదిన రాయిని తన పక్కన పెట్టి బెల్టు బిగించింది.

"మరి నేనో?" అన్నాడు అన్న.

"బరువు కదా, వెనక కూర్చో."

పదకొండు పారల మధ్య కూర్చున్నాడు. ఊరి మలుపు దాకా జింక లారీ వెంట వచ్చింది. నమ్మకపోతే అన్ననే అడగండి, అంత దూరమూ దాని మొహం చూస్తూ పోయింది ఆయనే.