చెయ్యి అందే ఎత్తు

రెండో వాయి ఇడ్లీ ఉడికిన వాసన రాగానే గంగమ్మ ముందు గుమ్మం వైపు చూసింది. ఇంటావిడ శిరీష హాల్లో ఫోన్లో మాట్లాడుతోంది. ఇటు ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాక, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తనది కాని వస్తువులా తీసి గట్టు మీద ఆనించింది. కుడిచెయ్యి కిందపనులన్నీ చేస్తుంది. తరుగుతుంది, కలుపుతుంది, పిండుతుంది. రొమ్ము ఎత్తు దాటి పైకి రమ్మంటే మాత్రం రాదు. బలవంతం చేస్తే భుజంలో మేకు దిగ్గొట్టినట్టుంటుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందుకని ఎడమచేత్తోనే మసిగుడ్డ పట్టుకుని మూత లాగింది.

ఆ ఇడ్లీ పాత్ర ఇంటివాళ్ళది కాదు, గంగమ్మది. ఇత్తడిది. జానన్నర ఎత్తు, ఖాళీగా ఉన్నా రెండు చేతులూ వేస్తే గాని కదలదు. కొల్లేట్లో చెరువు వేసిన మొదటి ఏడు చేప బాగా పడిందని మొగుడు దుర్గారాజు ఏలూరు వచ్చి మరీ కొన్నాడు. పక్కనే నిలబడి పేర్లు కూడా కొట్టించాడు, చుక్కలు చుక్కలుగా, ‘దుర్గారాజు, గంగమ్మ’ అని. ఆ తరవాత కొల్లేటిని ఆక్రమించారని సర్కారువాళ్ళు చెరువు గట్లన్నీ పగలగొట్టించారు. చెరువు పోయింది. ఏడాది తిరక్కుండా దుర్గారాజూ పోయాడు. పిల్లా పీచూ లేరు. గంగమ్మ ఆ పాత్ర నెత్తిన పెట్టుకుని కొల్లేటి లంకలో తమ ఊరి నుంచి బస్సెక్కి, ఏలూరులో ఈ ఇంట్లో వంటకి కుదిరింది.

పద్ధెనిమిదేళ్ళయింది. మెట్ల కింద గది ఇచ్చారు. ఓ నవారు మంచం, ఓ బల్బు, గోడకి ఓ మేకు. భూమ్మీద గంగమ్మకి నాది అని చెప్పుకునే చోటు అదొక్కటే. లంకలో తమ్ముడు నరసింహరాజు ఉన్నాడు గాని, వాడింట్లో ఒక పూట ఉంటే మరదలు గిన్నెలు ఎత్తెత్తి పడేస్తుంది. చెయ్యి లేవడం లేదని ఇక్కడ తెలిసిన రోజున ఈ గది ఉండదు. అది గంగమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే ఆరు నెలలుగా ఎంత దొంగతనం చేసిందో! పై అలమరలో ఉండే ఉప్పు, చింతపండు, పోపుడబ్బా ఒక్కొక్కటిగా గట్టు మీదికి దించేసింది. ‘పైన బొద్దింకలు చేరుతున్నాయండీ’ అంది. జుట్టు ముడి వేసుకోవాలంటే రెండు చేతులూ తల వెనక్కి పోవాలి కదా. అది కుదరక, మొక్కు ఉందని చెప్పి ద్వారకా తిరుమల వెళ్ళి తలనీలాలిచ్చి వచ్చింది. దేవుడి దగ్గర కూడా అబద్ధమే. ఆ రోజు గుండు తడుముకుంటూ కొండ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పెద్దాసుపత్రి డాక్టరు సుగర్ వల్ల భుజం బిగుసుకుపోయిందన్నాడు, రోజూ వచ్చి వ్యాయామం చేయించుకోవాలన్నాడు. రోజూ ఎక్కడికి వెళ్తున్నానని చెప్పి వెళ్తుంది?

"గంగమ్మగారూ, పదకొండింటికి తయారవ్వండి" అంటూ వచ్చింది శిరీష. తాడేపల్లిగూడెం కాలేజీలో లెక్చరర్. రోజూ పొద్దున్న రైలుకి పోయి సాయంత్రం వస్తుంది. ఇవాళ రెండో శనివారం కాబట్టి ఇంట్లో ఉంది. "ఓవెన్ కొనడానికి మీరూ రావాలి."

"నేనెందుకండీ? మీకు తెలియంది నాకేం తెలుస్తుందండీ?"

"వాడేది మీరు కదండీ. గట్టు మీద చోటు లేదు, పొయ్యి పైన బిగించేదే కొంటున్నాం. మీ చెయ్యి అందకపోతే ఎంత మంచిది కొన్నా ఏం లాభం చెప్పండి?"

ఆ మాట ఎంత ఆప్యాయంగా అంది! గంగమ్మ పొయ్యి పైన ఎత్తుని కళ్ళతోనే కొలుచుకుంది.

అప్పుడే వచ్చి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అచ్చాయమ్మ, శిరీష అత్తగారు, చేతికర్ర మీద గడ్డం ఆనించి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎనభై దాటిన మనిషి. కళ్ళు సరిగ్గా ఆనవంటుంది గాని, ఆవిడకి ఆననిది ఆ ఇంట్లో ఏదీ లేదు. రెండు గంటలకోసారి వేడి పాలో, వేడి జావో కావాలి. ఈ ఓవెన్ ఆవిడ కోసమే. పొగగొట్టం మిషను చెడిపోయి తీసేశాక పొయ్యి పైన ఏర్పడిన ఖాళీలో బిగిస్తారు.

ఆర్.ఆర్.పేటలో షాపు. లోపల చల్లగాలికి గంగమ్మ భుజం ఇంకాస్త బిగిసింది. గోడకి ఉత్తుత్తి వంటిల్లు ఒకటి కట్టి పెట్టారు. గట్టు, గట్టు మీద పొయ్యి, పైన పక్కపక్కనే రెండు ఓవెన్లు.

"ఇది లో ప్రొఫైల్ అండీ" అన్నాడు హేమంత్‌కుమార్ అనే సేల్స్‌మన్, ఎడమ వైపు దాన్ని చూపిస్తూ. "సన్నంగా ఉంటుంది. పైకి, అలమరకి ఆనుకుని పోతుంది. కింద రెండు జానల పైన ఖాళీ వస్తుందండీ. ఎంత పెద్ద గిన్నె అయినా పెట్టుకోవచ్చు. ఆ రెండోది మామూలుది. ఎత్తెక్కువ. అందుకని కిందికి వేలాడుతుంది."

శిరీష ముఖం వికసించింది. "సన్నదే బాగుందండీ. మన గంగమ్మగారి ఇడ్లీ పాత్రకి ఈ ఖాళీ కావాలి. ఆ పాత్ర లేకపోతే ఆవిడ ఇడ్లీ వెయ్యరు."

గంగమ్మ తలెత్తి చూసింది. సన్నదాని తలుపు తన నడినెత్తి పైన ఉంది. అంత ఎత్తు నుంచి వేడిగిన్నె ఒంటిచేత్తో దించడం తన వల్ల కాదు. పక్కదాని తలుపు గడ్డం దగ్గరికి వస్తోంది. ఎడమచేత్తో అందుకోవచ్చు. తిప్పలు పడితే బతకొచ్చు.

"అమ్మా, ఒకసారి ఈ గిన్నె లోపల పెట్టి చూడండమ్మా" అని హేమంత్‌కుమార్ గాజుగిన్నె అందించాడు.

"ఉండండి బాబూ" అంది గంగమ్మ. గిన్నె అందుకోకుండా శిరీష వైపు తిరిగింది. "ఇది వద్దండీ శిరీషమ్మగారూ. ఆ మామూలుదే తీసుకోండి. సన్నదాంట్లో పెద్దగిన్నె పట్టదు, పెద్దమ్మగారి జావగిన్నె తిరగదు."

"మరి మీ పాత్ర? దీని కింద పెడితే మూత తగులుతుందేమో."

"పాత్రదేముందండీ" అంది గంగమ్మ. "పాతబడిపోయింది. చిన్న స్టీలుది కొనుక్కుందాం."

అని, గాజుగిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. కట్టుకున్నవాణ్ణి పదిమందిలో ఎరగనన్నట్టయింది ఆమెకి. పద్ధెనిమిదేళ్ళుగా ఆ పాత్రని ఎవరు కదిపినా ఊరుకోని మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు శిరీష కూడా ఒక్క క్షణం వింతగా చూసింది. మళ్ళీ తనే, "సరే, వాడేది మీరు. మీ మాటే" అని బిల్లు చేయించడానికి వెళ్ళింది.

శిరీష అటు వెళ్ళాక గంగమ్మ ఎడమచేత్తో గిన్నె తీసుకుని మామూలు ఓవెన్లో పెట్టింది. పట్టింది. తీసింది. వచ్చింది.

"ఎడమచేతి వాటమా అమ్మా మీది?" అన్నాడు హేమంత్‌కుమార్.

"ఔను బాబూ" అంది. ఈ పూటకి అది మూడో అబద్ధం. అయినా ఎన్నాళ్ళకో ప్రాణం తేలికపడింది. ఆటోలో ఇంటికొస్తూ, రోడ్డు పక్కన తోపుడుబండి మీద సీతాఫలాలు చూసి పెద్దమ్మగారికి రెండు కొందామండీ అని తనే అడిగింది.

మూడింటికి ట్రాలీ ఆటోలో ఓవెన్ వచ్చింది. నాలుగున్నరకి బిగించి వెళ్ళారు. అచ్చాయమ్మ కుర్చీని గట్టు పక్కకి లాగించుకుని మరీ కూర్చుంది.

"ఏదీ, నా పాలు వెచ్చబెట్టవే గంగా. దీని వైభోగమేంటో చూద్దాం."

గంగమ్మ గాజుగిన్నెలో పాలు పోసి లోపల పెట్టింది. దీపం వెలిగింది. గిన్నె గుండ్రంగా తిరుగుతుంటే అచ్చాయమ్మ నోరు తెరుచుకుని చూసింది. గంట మోగింది. గంగమ్మ తలుపు తీసి, మసిగుడ్డతో ఎడమచెయ్యి పెట్టి గిన్నె అందుకుంది. షాపులో ఖాళీ గిన్నె. ఇది నిండుగిన్నె. అంచు దాకా వచ్చేసరికి ఓ పక్కకి ఒరిగింది. నలభై ఏళ్ళుగా గిన్నె ఒరిగితే సాయం వచ్చే కుడిచెయ్యి ఆమెనడక్కుండానే పైకి లేవబోయింది. భుజంలో మేకు దిగింది. కళ్ళ ముందు తెల్లబడిపోయింది.

గిన్నె గట్టు అంచుకి తగిలి పగిలింది. మరిగిన పాలు అచ్చాయమ్మ పాదం మీద పడ్డాయి.

"అమ్మో!" అన్న కేకకి శిరీష పరుగున వచ్చింది. "ఏమైంది? ఏమైందండీ?"

"నేనే, నేనే" అంది అచ్చాయమ్మ పళ్ళబిగువున. "లేవబోతే నా కర్ర దాని మోచేతికి తగిలింది. దాన్నేం అనకు. ముందు మందు తేవే తల్లీ."

శిరీష మందు కోసం లోపలికి పరుగెత్తింది. గంగమ్మ కింద కూలబడి, మగ్గుతో చన్నీళ్ళు పాదం మీద పోస్తోంది. కర్ర ఎక్కడిది? కర్ర ఆ మూల గోడకి చేరవేసి ఉంది.

"అలా చూస్తావేంటే" అంది అచ్చాయమ్మ గొంతు తగ్గించి. "నీ చెయ్యి లేవట్లేదని నాకు తెలీదనుకున్నావా? ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి చూస్తున్నాను. ఆ గుండు మొక్కు కాదనీ తెలుసు. నువ్వు పోతే నాకు నీళ్ళెవరు పోస్తారే? ఈ వయసులో కొత్తమనిషి చేత ఒళ్ళు కడిగించుకోనా? నోరు మూసుకుని ఊరుకో."

గంగమ్మ ఆ పాదం చూసింది. వేళ్ళ పైన తోలు ఎర్రబడి, చూస్తూండగానే రూపాయి బిళ్ళంత బొబ్బ ఉబ్బుతోంది. ముసలి తోలు, కాగితంలా ఉంది. ఇవాళ పాదం. రేపు జావ. ఎల్లుండి ఒళ్ళోనో, మొహం మీదనో. తన గది కోసం ఈవిణ్ణి కాల్చుకుంటూ కూర్చోవాలి. ఇక గంగమ్మకి నోరు మూసుకోవడం చాతకాలేదు.

శిరీష మందు రాసి లేచాక చెప్పేసింది. అంతా చెప్పింది. అలమర, గుండు, షాపులో మాట. అచ్చాయమ్మ "నీ ఖర్మ" అని తల తిప్పేసుకుంది.

శిరీష మందు మూత బిగించింది. "ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఆర్నెల్లండీ."

"నాతో ఒక్క మాట అనుంటే..." అని ఆగింది. అత్తగారి పాదం చూసింది. ఓవెన్ చూసింది. పై అలమర తలుపు తీసి చూసింది. లోపల డబ్బాల అడుగుల గుండ్రటి గుర్తులు తప్ప ఏమీ లేవు. తలుపు మెల్లగా వేసింది. "మీరు కొన్నాళ్ళు ఊరెళ్ళి విశ్రాంతి తీసుకోండి గంగమ్మగారూ. తగ్గాక చూద్దాం."

ఒక్క పరుషమైన మాట లేదు. తిట్టినా బాగుండును, కాళ్ళు పట్టుకునేది.

"ఆ గదిలో ఓ మూల పడుంటానండీ" అంది గంగమ్మ. అడక్కూడదనుకుంటూనే అడిగింది. "జీతం వద్దండీ. కూరలు తరుగుతాను. పెద్దమ్మగారి కాళ్ళు పడతాను. ఎక్కడికి పోనండీ?"

శిరీష కళ్ళు చెమ్మగిల్లాయి. నిజంగానే చెమ్మగిల్లాయి. "నాకు మాత్రం పంపాలని ఉంటుందాండీ? కొత్తగా వచ్చే ఆవిడకి గది ఇవ్వాలి కదండీ."

శిరీష మాటల్లో అప్పుడే కొత్తావిడ వచ్చేసింది. గంగమ్మ తల ఊపింది.

రేపు పొద్దున్న వెళ్దురు గాని అంటే వినలేదు. ఆరున్నరకి లంక బస్సు ఉంది. రెండు చీరలు, దుప్పటీ సంచీలో కుక్కి ఎడమ భుజానికి తగిలించుకుంది. వంటింట్లోకి వెళ్ళి ఇడ్లీ పాత్ర తోమింది, చింతపండు వేసి, పసుపుగా మెరిసేదాకా. ఒక్కసారి చూద్దామని రెండు చేతులూ వేసి ఈడ్చి పొయ్యి మీదికి చేర్చింది. మూత ఓవెన్ అడుగుకి కొట్టుకుంది. దించేసింది. తర్వాత కింద గొంతుకూర్చుని చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, పాత్రని ఎత్తబోయింది. మోకాళ్ళ దాకా వచ్చింది. రొమ్ము దాకా వచ్చింది. అక్కణ్ణుంచి నెత్తికి ఇంకో జానెడు. ఆ జానెడు రాలేదు. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ రాలేదు. మూడోసారి పెదవి కొరుక్కుని ఎత్తితే నోట్లో రక్తపు రుచి తగిలింది గాని పాత్ర మాత్రం లేవలేదు.

హాల్లో శిరీష ఉంది. ఒక చెయ్యి వేయమంటే వేసేదే. గంగమ్మ పిలవలేదు.

"వెళ్ళొస్తానండీ పెద్దమ్మగారండీ" అంది గుమ్మంలో. అచ్చాయమ్మ గోడ వైపే చూస్తూ, "వెళ్ళు. అందర్నీ పంపించేసి కూర్చోడానికే కదా నేను బతికుంది" అంది. గంగమ్మ కొనిపించిన సీతాఫలాలు రెండూ ఒళ్ళో అలాగే ఉన్నాయి.

వీధి గేటు దాకా వెళ్ళాక శిరీష వెనకనుంచి పిలిచింది. "గంగమ్మగారూ, మీ పాత్ర మర్చిపోయారండీ!"

"ఉంచండమ్మా. తరవాత వచ్చి తీసుకెళ్తాను."

ఆ మాట ఇద్దరూ నమ్మలేదు. గంగమ్మ గేటు ఎడమచేత్తో దగ్గరికి వేసి, బస్టాండు వైపు నడిచింది. కుడిచెయ్యి పక్కన వేలాడుతూ ఆమెతో పాటే వెళ్ళింది.

వంటింట్లో కొత్త ఓవెన్ గడియారం ఆకుపచ్చ అంకెలతో ఆరూ పది చూపిస్తోంది. పొయ్యి మీద చోటు లేక, గ్యాసు బండ పక్కన నేల మీద ఇత్తడి పాత్ర బోర్లించి ఉంది. తలకిందులైన ‘దుర్గారాజు, గంగమ్మ’ అక్షరాల మీద తోమిన తడి ఇంకా ఆరలేదు.